సీటు వచ్చాకనా అర్హత చూసేది?

ప్రొద్దుటూరు: ఇంటర్ ఫలితాలు వెలువడగానే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల తల్లిదండ్రులు ఆదాయ ధ్రువపత్రం కోసం తిరగడం మొదలవుతుంది. ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఆదాయమని తహసీల్దారు సంతకంతో కాగితం చేతికి వస్తే చాలు, ఇంజనీరింగు అయినా డిగ్రీ అయినా ఫీజు సర్కారే కడుతుందన్న ధీమాతో పిల్లవాణ్ణి కౌన్సెలింగ్‌కు పంపుతారు. సీటు వస్తుంది, పెట్టె సర్దుకొని పోతాడు. కొన్ని నెలల తర్వాత సచివాలయంలో పేరు చూసుకుంటే ‘అనర్హులు’ అని ఉంటుంది. అప్పుడు ఆ తండ్రి ఎవరిని అడగాలి?

ఈ చిక్కు ఎక్కడున్నదో తెలియాలంటే నిబంధనలు చూడాలి. 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఆదాయం ఒక్కటే కొలత కాదు. మాగాణి అయితే పది ఎకరాల లోపు, మెట్ట అయితే 25 ఎకరాల లోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వోద్యోగి గాని పింఛనుదారు గాని ఉండరాదు; పారిశుధ్య కార్మికులకు మాత్రం మినహాయింపు. ఆదాయపు పన్ను కట్టేవారు ఉండరాదు. సొంత కారు ఉండరాదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఉంటే ఫర్వాలేదు. పట్టణంలో ఇల్లుంటే 1,500 చదరపు అడుగులు మించరాదు. విద్యార్థి నూటికి 75 రోజులు తరగతికి హాజరు కావాలి. కన్వీనరు కోటాలో చేరాలి తప్ప మేనేజ్‌మెంటు సీటుకు, స్పాట్ అడ్మిషన్‌కు, దూరవిద్యకు వర్తించదు. ప్రయివేటు కాలేజీల్లో పి.జి. చదివేవారిని 2020 డిసెంబరులో ఈ పథకం నుంచి తప్పించారు.

తహసీల్దారు కాగితం వీటిలో ఒక్క దానికే జవాబు చెబుతుంది. మిగిలినవన్నీ కంప్యూటరులోని రికార్డులు చెబుతాయి. రికార్డుకు మనిషి తెలియడు.

కారు సంగతే తీసుకోండి. పాత కారును ఎప్పుడో అమ్మేసి, ‘బండి పోయింది, డబ్బు వచ్చింది’ అనుకొని ఊరుకున్న రైతులు పల్లెల్లో తక్కువేమీ కాదు. రవాణా శాఖ పుస్తకంలో పేరు మారకపోతే ఆ కారు ఇంకా వాళ్ల వాకిట్లోనే ఉన్నట్టు లెక్క. అన్నదమ్ములు వేరుపడి ఇరవై ఏళ్లయినా భూమి చనిపోయిన తాత పేరనో, పెద్దన్న పేరనో ఉండిపోతుంది. పెద్దన్న కుటుంబం నోట్లో మట్టి పడటానికి అదొక్కటి చాలు. పెళ్లయి వేరే కాపురం పెట్టిన కొడుకు ఉద్యోగస్తుడై, ఇంటి పట్టికలో అతని పేరు తల్లిదండ్రుల దగ్గరే ఉంటే చెల్లెలి చదువుకు ఎసరు. ఇవన్నీ సరిచేసుకోదగ్గ తప్పులే. అయితే సరిచేసుకోవడానికి వ్యవధి కావాలి. ఫీజు గడువు మెడ మీద ఉన్నప్పుడు మండల కచేరి చుట్టూ తిరిగితే అయ్యే పని కాదు.

భూమి కొలత విషయంలో ఈ ప్రాంతానికి మరో అన్యాయం ఉన్నది. జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో వాన మీద ఆధారపడి శనగ వేసే రైతుకు 26 ఎకరాలుంటే అతను అనర్హుడు. వాన తప్పిన ఏడు ఆ 26 ఎకరాలు విత్తనాల ఖర్చు కూడా తిరిగి ఇవ్వవు. పులివెందుల వైపు సొంత బోరు కింద పది, పన్నెండు ఎకరాల చీనీ తోట ఉన్న రైతు మాత్రం అర్హుడు కావచ్చు. ఎందుకంటే సొంత బోరుతో తడిపినా రెవెన్యూ లెక్కలో ఆ భూమి మెట్టే. చీనీ రైతుకు కష్టం లేదని కాదు. బోరు ఎండితే తోట నరికేసుకునే బాధ అతనిది. కాని ఎకరాల అంకె చూసి పేదరికం కొలవడం ఈ నేల ఎరుగని వారి పని.

పన్ను రాయితీ ఉంది కదా అని పట్నం వారు అనవచ్చు. పిల్లల ట్యూషన్ ఫీజుకు, చదువు అప్పు వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉన్న మాట నిజమే, అదీ పాత పద్ధతిలో లెక్క కట్టుకునే వారికి. వ్యవసాయ ఆదాయానికి పన్నే లేనప్పుడు రైతుకు అందులో మినహాయింపు ఏమిటి? అమెరికాలో 2009 నుంచి వేరే ఏర్పాటు ఉన్నది. అక్కడ కాలేజీ చదువుకు విద్యార్థికి ఏటా 2,500 డాలర్ల దాకా పన్నులో తగ్గిస్తారు. కట్టవలసిన పన్ను ఏమీ లేకపోయినా అందులో వెయ్యి డాలర్ల దాకా చేతికి తిరిగి ఇస్తారు. (ఇక్కడి నుంచి వీసా మీద పోయి చదివే మన పిల్లలకు మామూలుగా అది వర్తించదు. ఆ ఆశ పెట్టుకోవద్దు.) అటువంటి ఏర్పాటు లేని మన దేశంలో పల్లె విద్యార్థికి దిక్కు ఈ ఫీజు పథకమే.

పథకం పుట్టింది 2008లో, పులివెందుల నుంచి ఎన్నికైన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో. ఆ తర్వాత పేరు మారింది, దారి మారింది. 2012-13 నుంచి పదివేల పైన ర్యాంకు వచ్చిన బి.సి., ఇ.బి.సి. ఇంజనీరింగు విద్యార్థులకు 35 వేలకు మించి ఇవ్వలేదు. 2019లో మొత్తం ఫీజు ఇస్తామన్నారు. 2021 ఏప్రిల్ నుంచి డబ్బు తల్లుల ఖాతాలో వేశారు; ఆ సెప్టెంబరులో హైకోర్టు తప్పుపట్టింది. 2024లో కొత్త ప్రభుత్వం వచ్చి కాలేజీలకే నేరుగా చెల్లిస్తామన్నది. డబ్బు ఏ దారిన పోయినా విద్యార్థికి కావలసింది అది సమయానికి అందడం. అర్హుడైన వాడికీ అది ఆలస్యమైతే, పరీక్ష ఫీజు నాటికి కాలేజీ వారు ‘మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం’ అంటే, తల్లి మెడలోని గొలుసు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వైపు నడుస్తుంది. కుదువ మీద పెరిగిన వడ్డీని ఏ సర్కారూ తిరిగి ఇవ్వదు.

ఈ సందర్భంలో తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన మాట ఒకటున్నది. ఫీజు బాకీ పేరుతో అసలు సర్టిఫికెట్లు పట్టి ఉంచరాదని విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం 2018లోనే కాలేజీలకు చెప్పింది. పట్టి ఉంచితే లిఖితపూర్వకంగా అడగండి, కాగితం నకలు దగ్గర పెట్టుకోండి. నోటి మాటకు నిలబడేవారు ఎవరూ ఉండరు.

అధికారులు చేయవలసింది కొండను తవ్వడం కాదు. భూమి, వాహనం, ఉద్యోగం, పన్ను, ఈ నాలుగు రికార్డులూ సర్కారు దగ్గరే ఉన్నాయి. ఇంటర్ రెండో ఏడు చదివే ప్రతి విద్యార్థి పేరూ సర్కారు దగ్గరే ఉన్నది. ప్రవేశ పరీక్ష అయిపోయి ఫలితాల కోసం ఎదురుచూసే వారాల్లోనే సచివాలయం వారు ఆ పేర్లను ఈ రికార్డులతో సరిచూసి, ‘మీకు వర్తిస్తుంది’ లేదా ‘ఫలానా కారణాన వర్తించదు, ఫలానా కచేరీలో సరిచేసుకోండి’ అని ఒక చీటీ ఇంటికి పంపవచ్చు. కారణం రాయకుండా ‘అనర్హులు’ అన్న ఒక్క ముక్క రాసి వదిలెయ్యడం మాత్రం తగదు. చీటీ ముందే అందితే వర్తించని వాడు తన తాహతుకు తగిన ప్రభుత్వ కాలేజీని ఎంచుకుంటాడు, లేదా బ్యాంకు అప్పుకు ముందుగా అర్జీ పెట్టుకుంటాడు. జిల్లా కలెక్టరు తలచుకుంటే వచ్చే వేసవికే ఈ మూడు నియోజకవర్గాల్లో మొదలుపెట్టవచ్చు. దీనికి కొత్త జీవో అక్కరలేదు, కొత్త సిబ్బందీ అక్కరలేదు.