పొగకు వెల కట్టాలి, ఆ డబ్బు అడవికి పెట్టాలి



పోయిన వారం స్టడీ అవర్‌లో మా తొమ్మిదో తరగతి వాళ్లకీ పదో తరగతి అక్కలకీ వాదన జరిగింది. విషయం ఏమనగా, పొగ వదిలే వారి దగ్గర టన్నుకు ఇంత అని వసూలు చేసి, ఆ డబ్బుతో పోయిన అడవులను మళ్లీ తేవచ్చునా అని. దీనిని కార్బన్ ధర అంటారు. ప్రపంచమంతా పెట్టాలని చాలామంది పెద్దలు అంటున్నారు. అక్కలు వద్దన్నారు. నేను కావాలన్నాను. ఇంతలో బెల్లు కొట్టేశారు, నా మాట సగంలో ఆగిపోయింది. ఆ మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఒక లెక్క. కర్బనం 12, దానికి ఆక్సిజన్ 32 కలిస్తే 44 అని చదివాము గదా. అంటే 12 కిలోల కర్బనం కాలితే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ పైకి పోతుంది. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ కాబట్టి ఒక టన్ను బొగ్గుకు రమారమి టన్నున్నర వాయువు వస్తుంది. మైలవరం నుంచి విజయవాడ పోయేటప్పుడు ఇబ్రహీంపట్నం దగ్గర పొడుగు పొగ గొట్టాలు అందరం చూసినవే. 1979లో మొదలైన థర్మల్ స్టేషన్ అది. రైళ్లకు రైళ్లు బొగ్గు అక్కడ కాలుతుంది. దగ్గరలోనే కొండపల్లి అడవి. ఆ స్టేషన్‌ను తిట్టడానికి నేను ఇది రాయటం లేదు, ఇది రాస్తున్నది కూడా కరెంటు లైటు కిందే. కానీ ఆ పొగను పీల్చుకునే పని చెట్టు చేస్తున్నది. చెట్టుకు కూలి ఎవరిస్తారు?

ఇచ్చిన వాళ్లు లేకపోలేదు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా, ఇప్పటి కొమురం భీం జిల్లా జైనూర్ మండలంలో పవర్‌గూడ అని మనలాంటి ఆదివాసీల పల్లె ఉంది. అక్కడి ఆడవాళ్ల సంఘం వాళ్లు కానుగ మొక్కలు పెంచారు, గింజల నుంచి నూనె తీశారు. డీజిలుకు బదులు కానుగ నూనె వాడితే ఎంత పొగ తగ్గుతుందో లెక్క కట్టారు, 147 టన్నులు తేలింది. దానికి 2003లో ప్రపంచ బ్యాంకు ఆ సంఘానికి 645 డాలర్లు ఇచ్చింది. ఎందుకంటే ఆ అక్టోబరులో వాషింగ్టన్‌లో ఒక సమావేశం పెట్టారు. అక్కడికి వచ్చినవాళ్ల విమానాలు వదిలిన పొగకు బదులు అన్నమాట.

ఈ సంగతి విన్నప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కానుగ అంటే మాకు తెలియనిదా! మా అమ్మ వేసవిలో వాగు గట్టున కానుగ కాయలు ఏరి, ఎండబెట్టి, కొట్టి, గింజలు షావుకారుకు అమ్మేది. నేనూ ఏరాను. చేతులకు ఆ చేదు వాసన రెండు రోజులు పోదు. అన్నం తిన్నా అదే వాసన.

తరువాత లెక్క వేశాను, సంతోషం తగ్గింది. 645ను 147తో భాగిస్తే టన్నుకు 4 డాలర్ల చిల్లర. అప్పటి డాలరు 45, 46 రూపాయలు. అంటే టన్నుకు 200 రూపాయలు, మొత్తం 30 వేల లోపు. ఒక్క మనిషి అమెరికాకు విమానంలో పోయి రావటానికి ఇవాళ ఆ డబ్బు చాలదు. అదే స్వీడన్ దేశంలో 1991 నుంచి కార్బన్ పన్ను ఉంది, ఇప్పుడు టన్నుకు 100 డాలర్లు దాటింది. పొగ ఒక్కటే, గాలి ఒక్కటే, మరి ధర ఎందుకు వేరు? మా అమ్మ గింజలకు షావుకారు చెప్పిందే ధర. అడవికి కూడా అంతే, కొనేవాడు చెప్పిందే ధర. అందుకే వడ్లకు మద్దతు ధర ఉన్నట్టు పొగకు ప్రపంచమంతా ఒక కనీస ధర ఉండాలి. 2021లో ఐ.ఎం.ఎఫ్. వాళ్ల నిపుణులు ఇలాంటిదే చెప్పారు, ధనిక దేశాలకు టన్నుకు 75 డాలర్లు, మధ్యవాటికి 50, ఇండియా లాంటి వాటికి 25 అని. ఒకటే ధర కాకపోయినా నాకు న్యాయంగానే తోచింది. మన దేశంలో మనిషికి ఏడాదికి సుమారు 2 టన్నుల పొగ, అమెరికాలో 14 టన్నుల దాకా.

అక్కలు అన్నదేమిటంటే, కరెంటు బిల్లు పెరుగుతుంది, బీదవాళ్లే చస్తారు అని. ఆ మాట తీసిపారేసేది కాదు. కెనడాలో 2019 నుంచి పెట్రోలు మీద కార్బన్ ధర వేసి, ఎక్కువ భాగం తిరిగి జనానికే పంచారు. అయినా జనం మెచ్చలేదు, 2025 ఏప్రిల్ 1న ఎత్తేశారు. డబ్బు ఎక్కడికి పోతున్నదో కంటికి కనపడకపోతే ఎవరూ ఒప్పుకోరు.

మన దేశంలోనూ అదే జరిగింది. 2010లో బొగ్గు టన్నుకు 50 రూపాయల సెస్సు వేశారు, 2016కి అది 400 అయింది. శుద్ధమైన కరెంటు కోసం నిధి అన్నారు. 86 వేల కోట్లు వసూలయితే ఆ నిధికి చేరింది 30 వేల కోట్ల లోపే. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ 400 రాష్ట్రాల నష్టపరిహారానికి మళ్లింది. 2025 సెప్టెంబరులో అది కూడా తీసేసి బొగ్గు మీద జీఎస్టీ 18 శాతం చేశారు. పన్ను ఉంది, అడవికి ముడి లేదు. అక్కలు దీన్ని పట్టుకుని నన్ను ఓడించవచ్చును, కానీ వాళ్లకు అప్పుడు ఇది తెలియదు (నాకూ తెలియదు, తరువాత సోషల్ మేడమ్‌ను అడిగి తెలుసుకున్నాను).

ముడి వేసిన దేశం ఒకటుంది, కోస్టారికా. మన రాష్ట్రంలో మూడో వంతు కూడా ఉండదు. 1996లో చట్టం చేసి, 1997 నుంచి పెట్రోలు, డీజిలు పన్నులో కొంత భాగం అడవిని కాపాడే రైతులకు ఇస్తున్నారు. 1980లలో అక్కడ అడవి దేశంలో పావు వంతు దాకా పడిపోయింది, ఇప్పుడు సగానికి పైనే ఉంది. అంతా ఈ డబ్బు వల్లే కాదు, అదే చట్టంలో అడవి నరికి పొలం చేయటం కూడా నిషేధించారు.

ఇక నాకు అసలు భయం వేరే. డబ్బు వస్తే ఏ చెట్లు పెడతారు? నందిగామ, జగ్గయ్యపేట వైపు పోతే రోడ్డు పొడుగునా సుబాబుల్ తోటలు. కాగితం మిల్లులకు అమ్ముతారు, మూడు నాలుగేళ్లకు కొడతారు. రైతు తన చేలో వేసుకుంటే నాకేమీ బాధ లేదు. కానీ దాన్ని అడవి అని లెక్క రాస్తే ఒప్పుకోను. కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి చెక్కతో చేస్తారు, తేలికగా మెత్తగా ఉంటుంది. ఇప్పుడు ఆ చెట్టు దొరకటం కష్టమయింది. సుబాబుల్ వంద ఎకరాలు పెట్టినా ఒక్క బొమ్మ రాదు. మా అమ్మమ్మ ఒక కొండ చూపించి ఏ వైపు ఏ దుంప, ఏ వైపు ఏ జిగురు దొరికేదో చెప్పేది. నాకు సగం పేర్లు కూడా రావు. ఆ కొండ తిరిగి రావాలంటే అమ్మమ్మ లాంటి వాళ్లను అడగాలి. 2006 అటవీ హక్కుల చట్టంలో తమ అడవిని కాపాడుకునే, తిరిగి పెంచుకునే హక్కు ఊరివాళ్లకు రాసి ఉంది. కావున పొగ డబ్బు వస్తే గ్రామసభ చేతికి రావాలి. ఏ చెట్టు పెట్టాలో వాళ్లే చెప్పాలి, కూలి వాళ్లకే దక్కాలి. మనల్ని అవతలికి పొమ్మని కంచె వేసి, మన పేరు మీద టన్నులు అమ్ముకునే పని అయితే నేను కూడా పదో తరగతి అక్కల వైపే.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. పోయిన వనమహోత్సవానికి మనం పెట్టిన వాటిలో ఎక్కువ కోనోకార్పస్ మొక్కలు. ఈసారి అవే గుంటల్లో కానుగ, నేరేడు, దొరికితే పొణికి పెట్టనివ్వండి. నీళ్లు పోసే వంతు మా తొమ్మిదో తరగతి వాళ్లం తీసుకుంటాము. కానుగ గింజలు వేసవి సెలవుల నుంచి వచ్చేటప్పుడు నేను సంచిలో తెస్తాను. పొణికి గింజ ఎక్కడ దొరుకుతుందో తెలిసిన వాళ్లు ఈ కాగితం కింద ఖాళీలో రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని