డాక్టరుకి రెండేళ్లు, నర్సుకి అయిదేళ్లు

2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 106(1) సెక్షన్‌ని మన మహిళా సంఘాలు ఇంకా సరిగా పట్టించుకోలేదనే అనుకుంటున్నాను. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే అయిదేళ్ల వరకూ జైలు. అదే నిర్లక్ష్యం వైద్యం చేస్తూ రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చేస్తే రెండేళ్ల వరకే. ఈ మినహాయింపు ఎవరికో అక్కడే వివరణ ఉంది: 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం గుర్తించిన డిగ్రీ ఉండి, మెడికల్ రిజిస్టరులో పేరున్న వాళ్లకి. నర్సుల పేర్లుండేది నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టరులో. అంటే ఒకే మంచం దగ్గర మందు రాసినవారికి రెండేళ్లు, ఎక్కించిన ఆమెకి అయిదేళ్లు! పాత శిక్షాస్మృతి 304-ఎ కింద ఇద్దరికీ రెండేళ్లే ఉండేది.

‘ఆమె’ అని ఊరికే అనలేదు. ఈ వృత్తిలో అత్యధికులు స్త్రీలు. పొరపాటు జరిగిన మర్నాడు పేపర్లో ‘నర్సు నిర్లక్ష్యానికి రోగి బలి’ అని వస్తుంది. ఆ రాత్రి ఆ వార్డులో ఎంతమంది రోగులున్నారో, ఆమె ఎన్ని గంటల నుంచి డ్యూటీలో ఉందో ఆ వార్తలో వెతికినా దొరకదు.

అసలు ఈ పొరపాట్లు ఎలా జరుగుతాయి? ఇన్సులిన్ సంగతే తీసుకోండి. మన దేశంలో మిల్లీలీటరుకి 40 యూనిట్లదీ ఉంది, 100 యూనిట్లదీ ఉంది. దేని సిరంజి దానికే. 100 యూనిట్ల మందుని 40 సిరంజితో గీత చూసి ఎక్కిస్తే రోగికి చేరేది రెండున్నర రెట్లు. చక్కెర పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. గాఢమైన పొటాషియం క్లోరైడ్‌ని పలచన చెయ్యకుండా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. దాన్ని మామూలు మందుల పక్కనే, చూడ్డానికి ఒకేలా ఉండే ఆంప్యూల్స్ మధ్య పెట్టమని నర్సు చెప్పిందా? ఆ అలమర సర్దే అధికారం ఆమెకి లేదు. రాత్రిపూట ఫోన్లో చెప్పే మందుకి సంతకం తెల్లారాక వస్తుంది, ఒక్కోసారి రాదు. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయమని డాక్టర్లకి 2016లోనే మెడికల్ కౌన్సిల్ చెప్పింది. ‘ఇదేం మందు సార్?’ అని అడిగిన నర్సుకి పడే చీవాట్ల గురించి మాత్రం ఏ కౌన్సిలూ ఏమీ చెప్పలేదు.

బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకొక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఎక్కడుందో చూపించండి! 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ, ప్రైవేటు ఆసుపత్రుల్లో ఎంత చిన్నదానిలోనైనా నర్సు జీతం 20 వేలకి తగ్గకూడదంది. దాని అమలు కోసం నర్సులు ఆ తర్వాత రోడ్డెక్కాల్సి వచ్చింది.

శిక్ష పెంచితే భద్రత పెరుగుతుందనే వాళ్లు అమెరికాలో జరిగింది చూడాలి. 2017లో టెనెస్సీ రాష్ట్రంలో ఒక నర్సు మత్తుమందు బదులు కండరాల్ని స్తంభింపజేసే మందు ఇచ్చింది. రోగి చనిపోయింది. పొరపాటు తనదేనని తానే చెప్పింది. 2022లో కోర్టు ఆమెని దోషిగా తేల్చి మూడేళ్ల ప్రొబేషన్ వేసింది. ఆసుపత్రి మీద క్రిమినల్ కేసే లేదు. ఇకపై నర్సులు తప్పు జరిగితే చెప్పడానికి భయపడతారని అక్కడి నర్సుల సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. దాచిన పొరపాటు ఇంకో వార్డులో మళ్లీ జరుగుతుంది మరి.

రోగుల హక్కుల కోసం పనిచేసే మిత్రులకి ఈ వాదన నచ్చకపోవచ్చు. చనిపోయింది కూడా ఎవరి తల్లో, బిడ్డో కదా అంటారు. నిజమే. నర్సుని వదిలెయ్యమని నేను అనడం లేదు. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు డాక్టర్లకి కల్పించిన రక్షణ, అంటే కేసుకి ముందు నిష్పాక్షికమైన వైద్య నిపుణుల అభిప్రాయం తీసుకోవడం, నర్సుకీ ఉండాలి. ఆ విచారణలో డ్యూటీ చార్టూ, ఆ రాత్రి రోగుల సంఖ్యా, మందుల అలమరా కూడా సాక్ష్యాలు కావాలి. యాజమాన్యం బోనులో నిలబడాలి. 106(1) వివరణలో నర్సుల్ని చేర్చమని అడగాల్సింది నర్సుల సంఘాలు మాత్రమేనా? మన తర్వాతి సమావేశం ఎజెండాలో ఇది ఉండాలని కోరుతున్నాను.