ఒక దినం సముద్రం కాడికి

మన వాడలల్ల బందు దొరికితే పోయేది మూడు తావులకే: ఊరికి, పెండ్లికి, దవాఖానకు. ఏ పనీ లేకుండ పెండ్లాం పిల్లలతోని ఒక దినం నిమ్మళంగ కూసుండి వద్దామని పోయేటోళ్లు తక్కువ. సముద్రం అంటే జుహూ, చౌపాటీ అనుకుంటరు. అక్కడ నీళ్లకంటే జనమే ఎక్కువ. పిల్లలు తప్పిపోకుండ చూసుకునుడు, లోకల్ల నలిగి ఇంటికి వచ్చుడు, అంతే.

మనకు నిమ్మళమైన సముద్రం దగ్గర్లనే ఉన్నది. పాల్ఘర్ జిల్లాల కేళవే. భివండి రోడ్ స్టేషన్ల వసాయి పోయే బండి ఎక్కి వసాయి రోడ్ల దిగాలె. అక్కడి నుంచి డహాణూ పోయే లోకల్. అది దొరకకుంటే విరార్ల మారాలె. విరార్, వైతరణ, సఫాళే దాటినంక కేళవే రోడ్. బయట షేర్ ఆటోలుంటయి. మన లైన్ల బండ్లు తక్కువ గనుక పోయే టైము, వచ్చే టైము రెండూ ముందుగాలనే రాసుకోండి. పది మంది కలిస్తే వాడా, మనోర్ మీదికెళ్లి టెంపో మాట్లాడుకోవచ్చు.

ఒడ్డు పొడుగూత సరుగుడు చెట్లు, వాటి కింద నీడ. పక్కనే శీతలాదేవి గుడి. శీతలమ్మ అంటే మన పోచమ్మ లెక్కనే, అమ్మవారు పోస్తే మొక్కే తల్లి. ఊరు చుట్టూ తమలపాకు తోటలు, కొబ్బరి చెట్లు. పులిహోర, రొట్టెలు, మంచినీళ్లు ఇంటికాడినుంచే కట్టుకపోతే ఖర్చు చార్జీల మందమే.

నీళ్ల సంగతి తెలుసుకొని పోవాలె. మరాఠోళ్లు భర్తీ, ఓహోటీ అనేదాన్ని మనం పోటు, ఆటు అంటం. దీనికి గోడ మీది క్యాలెండరు చాలు. అమావాస్య, పున్నమికి మన తీరంల పగటి పన్నెండు గంటలకు అటీటుగ నీళ్లు నిండుగ ఉంటయి, పొద్దుగూకేసరికి బాగ వెనుకకు పోతయి. అష్టమికి ఉల్టా: పగటీలి దిగుతయి, సాయంత్రం ఎక్కుతయి. దినానికి సుమారు రెండు ఘడియలు వెనుకకు జరుగుతది. అష్టమి పోటుకు జోరు తక్కువ, పిల్లలున్నోళ్లకు అదే మేలు. నీళ్లు దిగేటప్పుడు లోపలికి గుంజుతయి, అప్పుడు మోకాలు దాటి పోవద్దు. మందు తాగినోన్ని నీళ్లల్ల అడుగే పెట్టనియ్యొద్దు.

వానకాలంల అసలే దిగొద్దు. జూన్ 1 నుంచి జూలై 31 దాక సర్కారే చేపల పడవలను బందు పెడుతది. కోళీలు నారళీ పున్నమికి సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చి మొక్కుతరు. మనం జంధ్యాలు మార్చుకునేది గూడ ఆ పున్నమికే. పుట్టినప్పటి సంది సముద్రం మీద బతికేటోళ్లే ఆగుతుంటే, ఈత రాని మనమెంత?

దినం కూలి పోతది గదా అంటరు. మీటరు లెక్కన బతికేటోళ్లకు అది చిన్న మాట కాదు, నాకు ఎరుకే. గని ఇంకో లెక్క గూడ చూడాలె. పన్నెండు గంటల డ్యూటీ, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. తండ్రి పండుకునే యాళ్లకు పిల్లలు బడికి, వాళ్లు వచ్చే యాళ్లకు ఆయన సాంచల కాడికి. సాంచల చప్పుడుకు గట్టిగ మాట్లాడుడు అలవాటై, ఇంట్ల మంచి మాట గూడ కొట్లాట లెక్కనే వినపడుతది. ఇగ కండెలు చుట్టేటి, బీడీలు చేసేటి ఆడోళ్లకు బందు దినమే లేదు. ఆ ఒక్క దినమైనా వాళ్లకు పొయ్యి ముట్టిచ్చే పని పెట్టకుండ తీస్కపోండి. ఊరికి పోతే పది మంది చుట్టాలు, పది మాటలు. సముద్రం కాడ మీరు, మీ ఇంటోళ్లే.

ఊర్ల ఇల్లు కట్టినంక, బిడ్డ పెండ్లి అయినంక పోదామని వాయిదా పెట్టుకున్నోళ్లు మన వాడల శానా మంది. ఆ పనులు అయ్యేసరికి మోకాళ్లు పోయినయి, పిల్లలు ఎవరి దారి వాళ్లు పట్టిండ్రు. వానలు ఆగినంక వచ్చే మొదటి అష్టమి ఎప్పుడో ఇయ్యాల్నే చూడండి. సేటుకు ముందుగాలనే చెప్పి పెట్టండి.