పెరటితోట: తొందరగా పండు టమాటా



టమాటా పంటను గూర్చి వ్రాయుమని పలువురు కోరుచున్నారు. మన పెద్దలు దీనిని రామములగ యని పిలిచిరి. నేడిది లేని చారు, పప్పు మన యిండ్లలో అరుదు. 2023 జూలైలో దీని ధర కిలో నూరు రూపాయలు దాటినపుడు గృహిణులు పడిన యిక్కట్టు మీకు తెలియనిది కాదు. ఉపాధ్యాయుని జీతముతో సంసారము నడుపు నేను ఆ యేడే పెరటిలో పండ్రెండు మొక్కలు వేసితిని. అంగడిలో హైబ్రిడ్ అని అమ్మెడు సంకరజాతి విత్తనమును, అందును తొందరగా పండు రకమును కొని తెచ్చుకొంటిని. సాధారణపు రకములు నారు నాటిన 70, 80 దినములకు పండగా, ఇట్టివి 55, 60 దినములకే తొలిపండు నిచ్చును.

మొదట నారు సంగతి. భాద్రపద, ఆశ్వయుజ మాసములు నారు పోయుటకు అనుకూలము. పగలు 35 డిగ్రీలు మించిన వేడిమిలో పూత నిలువదు. మడిని ఆరంగుళముల ఎత్తు చేసి, బాగుగా చివికిన పశువులపెంట కలిపి, విత్తనములను అరయంగుళము లోతున వరుసగా వేయవలెను. వారము దినములలో మొలచును. మడిపై సన్నని వల కప్పుట మిక్కిలి అవసరము. తెల్లదోమ వలన ఆకుముడత తెగులు సోకును. లేతనాడు సోకిన మొక్క సరిగా కాపునకు రాదు. దానిని నయము చేయు మందు లేదు, పెరికివేయుటయే మార్గము. ఈ బెడద హెచ్చుగ నున్నచోట, తొందర యొక్కటే చూడక, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క రక్షక్ వలె తెగులును తట్టుకొను జాతి నెన్నుకొనుట మేలు.

నాలుగైదు ఆకులు వచ్చిన పిమ్మట, సుమారు 25 దినములకు, నారును సాయంకాలము నాటవలెను. కాండమును కొంత లోతుగా పాతినచో ఆ భాగమునుండియు వేళ్లు పుట్టును. మొక్కకు మొక్కకు ఒకటిన్నర అడుగు, సాలుకు సాలుకు రెండడుగులు ఎడముంచుడు. వంగ, మిరప, బంగాళదుంప దీని చుట్టములే. అవి పెరిగిన చోట వెంటనే దీనిని వేయరాదు, ఎండుతెగులు మట్టిలో నిలిచియుండును.

తొందరరకమునకు మన తప్పు దిద్దుకొను వ్యవధి తక్కువ. నాలుగు దినములు ఎండగట్టి ఐదవనాడు బిందెలతో కుమ్మరించినచో పండ్లు పగులును, కాయల అడుగుభాగము నల్లబడును. ఇది తెగులని భ్రమపడుదురు. నీటి హెచ్చుతగ్గులవలన సున్నపుసారము కాయకు అందకపోవుటయే తరచుగా కారణము. మొదట ఎండుగడ్డి పరచి, కొలతగా నీరు పోయుడు. యూరియా హెచ్చినచో ఆకు పెరిగి కాయ తగ్గును. తీగవలె సాగు రకమునకు కర్ర నాటి కట్టి, ఆకుపంగలలోని పిలకలను గిల్లవలెను. పొదవలె పెరుగు రకమునకు గిల్లరాదు. కాయ రంగు తిరుగగానే కోసి నీడనుంచినచో ఇంటనే పండును.

ఇక నా పొరపాటు చెప్పెదను. నా మొక్కలు 60వ దినమున పండినవి. అన్నిటికంటె చక్కని పండ్ల నేరి, గింజలు తీసి, ఎండించి దాచితిని. 2024లో వానితో నారు పోసి, మా వీధి చివర నుండు వదినగారికి నూరు మొక్కలిచ్చితిని. ఆమె భర్తను కోల్పోయి, ఇంటి వెనుక నున్న సెంటు నేలలో కూరలు పండించి అమ్ముకొనుచు మనుమరాలిని చదివించుచున్నది. “సంక్రాంతికి ముందే పండును, మంచి ధర వచ్చును” అని నేనే చెప్పితిని. ఆ మాట నమ్మి ఆమె ఆ నేలలో మరేమియు వేయలేదు.

మొక్కలు ఎదిగినకొలది నాకు దిగులు పట్టుకొన్నది. కొన్ని తీగ సాగినవి, కొన్ని గిడసబారినవి. కొన్ని 60వ నాటికి పండగా, అధికభాగము 80 దాటినను పచ్చిగనే యుండెను. పండ్లలో ఒకదానికొకటి పోలిక లేదు. కొనవచ్చినవాడు గంప చూచి వెడలిపోయెను. మనుమరాలి బడిజీతమునకు ఆమె చేబదులు తెచ్చుకొనవలసి వచ్చెను. నన్ను నిందింపలేదు. “మీరు మంచి మనసుతోనే ఇచ్చినారు వదినగారూ, ఈసారి తెలిసికొని ఇయ్యండి” అని మాత్ర మనెను. తిట్టియున్నచో నాకింత బాధ కలుగకపోయెడిది.

మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున బీజము గొప్పదా, క్షేత్రము గొప్పదా యను విచారము కలదు. చిన్ననాడు మా తండ్రిగారి యొద్ద చదివితిని. ఏ విత్తు నాటిన ఆ మొక్కయే మొలచునని అందున్నది. సంకరజాతికి ఈ మాట నేరుగా చెల్లదు. రెండు శుద్ధవంశముల నెన్నుకొని, ఒకదాని పూవు విచ్చకముందే కేసరములను తొలగించి, రెండవదాని పుప్పొడిని చేతితో అద్ది ఈ విత్తనము చేయుదురు. వెల హెచ్చుట కిదియు నొక కారణము. తొలితరము మొక్కలన్నియు ఒక్క పోలిక. వాని గింజలలో తాతల గుణములు విడివడి, తలకొక తీరుగ పంచబడును. మెండెల్ 1866లో ప్రకటించిన బఠాణీ పరిశోధనయు ఇదియే: పొడుగు, పొట్టి మొక్కలను కలుపగా తొలితరమంతయు పొడుగు, మలితరమున మూడు పొడుగు మొక్కలకు ఒకటి చొప్పున పొట్టివి తిరిగి వచ్చినవి. మా వారు ఏటేట తరగతిలో చెప్పు పాఠమే! ఇంటిలో మా కిద్దరకును తోచలేదు.

కావున సంకరజాతి వేయువారు ఏటికేడు కొత్త విత్తనము కొనుడు. గింజ దాచుకొనదలచినచో ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థవారి పూసా రూబీ వంటి సూటిరకమును వేయుడు. అదియు తొందరగానే పండును. మరియొక ఉపాయము కలదు. తీగరకమున గిల్లివేయు పిలకను పారవేయక తడి యిసుకలో నాటి నీడనుంచినచో, రెండు వారములలో వేళ్లు తొడుగును. అది గింజవలె మారదు, తల్లిమొక్క గుణమే తెచ్చును. తెగులులేని మొక్క పిలకలే తీయవలెను. 2025లో వదినగారికి కొత్త విత్తనపు పొట్లముతోపాటు ఇట్టి పిలకలే ఇరువది యిచ్చితిని.

పొరుగువారికి విత్తనము పంచునపుడు, అది ఏ రకమో, అంగడిలో కొన్నదో ఇంట తీసినదో, పొట్లముపై వ్రాసి యిండు. మనకు పండ్రెండు మొక్కలు వేడుక. తీసికొనువారికి అది ఒక కారు పంట.