రాకెట్ లేస్తే చూసుడు బంద్ చేసినం, కూలితే అడుగుడు కూడానా?

2023 ఆగస్టు 23 యాదికుందా తమ్ముడూ? చంద్రయాన్-3 చందమామ మీద దిగిన రోజు. సాయంత్రం పూట బళ్లు తెరిచి పిల్లలను టీవీల ముందు కూసోబెట్టిండ్రు. ఇస్రో యూట్యూబ్ చానల్‌ను ఒకే టైంల 80 లక్షల మందికి పైగా చూసిండ్రు. మా ఊరి చాయ్ హోటల్ కాడ ఒక్క ఫోన్ చుట్టూ పదిమందిమి గుమిగూడినం. 6 గంటల 4 నిమిషాలకు ల్యాండర్ కాలు నేలకు ఆనంగనే హోటలాయన అందరికీ ఉత్తగనే చాయ్ పోసిండు. ఆయన పైసలు తీసుకోకుండ చాయ్ పోసుడు నేను అంతకుముందు చూడలే, తర్వాత గూడ చూడలే.

ఇంకో తారీఖు చెప్త. 2025 మే 18, ఆదివారం. పొద్దుగాల 5 గంటల 59 నిమిషాలకు శ్రీహరికోటల పీఎస్ఎల్‌వీ-సీ61 లేసింది. రెండు దశలు మంచిగనే పోయినయి. మూడో దశల మోటారు లోపలి ఒత్తిడి పడిపోయిందని ఇస్రో చైర్మన్ వి. నారాయణన్ చెప్పిండు. ఈఓఎస్-09 ఉపగ్రహం కక్ష్యకు చేరలే. ఆ పొద్దు నేను అదే హోటల్ కాడ ఉన్న. ముచ్చటంత ముందురోజు రాత్రి బెంగళూరుల వానకు కొట్టుకపోయిన ఐపీఎల్ మ్యాచ్ గురించే. కోహ్లీ కోసం తెల్ల జెర్సీలు ఏసుకొని పోయినోళ్లు తడిసి ఇండ్లకు పోయిండ్రని ఒకటే బాధ. రాకెట్ సంగతి ఒక్కలు ఎత్తలే. నేను గూడ ఎత్తలే, ఎందుకంటే నాకు గూడ తెల్వదు. పగటీలి ఫోన్ల చూసిన.

రాకెట్లు ఎగురుడు రోజు పని అయిపోతే ఇగ ఎవరు చూస్తరు అని దునియా అంతట ఒక చర్చ ఉంది. అమెరికాల ఆ మాటకు అర్థముంది. మస్క్ కంపెనీ ఫాల్కన్ రాకెట్లు 2024 ఒక్క ఏడాదిలనే 130కి పైగా లేసినయి. అంటే మూడు రోజులకొకటి. ఫ్లోరిడాల ఉండేటోడు తలెత్తి చూడకపోతే తప్పు పట్టలేం. మన సంగతి అది కాదు. 2025ల శ్రీహరికోట నుంచి లేసిన పెద్ద రాకెట్లు ఐదే ఐదు. ఏడాదికి ఐదు పండుగలొస్తే ఎవరికన్న ఇసుగొస్తదా? మనకు ఇసుగు లెక్కతోని రాలే.

మనకు రాకెట్‌ను క్రికెట్ మ్యాచ్ లెక్క చూసుడు నేర్పిండ్రు. కౌంట్‌డౌన్, మంట, చప్పట్లు, జెండా, అయిపోయింది. చందమామ అంటే చిన్నప్పటి నుంచి తెల్సు కాబట్టి గుండె కొట్టుకుంది. ఈఓఎస్-09 అంటే ఏందో ఏ చానల్ చెప్పలే. అది రాడార్ ఉపగ్రహం. మామూలు కెమెరా ఉపగ్రహానికి మబ్బు అడ్డమొస్తే మబ్బే కనపడుతది. రాడార్ మబ్బును దాటి చూస్తది, రాత్రి గూడ చూస్తది. వానాకాలం వారం రోజులు ముసురు పట్టి చెరువు తెగితే, ఎవరి పొలం ఎంత మునిగిందో పైనుంచి చెప్పగలిగేది గసొంటి ఉపగ్రహమే. నాగలి పట్టినోని ఇంటి ముచ్చట అది. దాన్ని మనం మ్యాచ్ కన్నా చిన్నగ చూసినం.

నిజానికి ఎగిరేటప్పుడు మంటను చూస్తే అసలు సంగతి తెల్వదు. అదే ఏడాది జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం జరిగింది. మన సొంత జీపీఎస్ అయిన నావిక్ కోసం ఎన్‌వీఎస్-02 ఉపగ్రహం. రాకెట్ మంచిగ పోయింది, దేశమంత సెంచరీ అని మురిసింది. నాలుగు రోజులకు ఇస్రో ఒక మాట చెప్పింది: ఇంజన్‌కు ఆక్సిడైజర్ అందించే వాల్వులు తెరుచుకోలే, ఉపగ్రహం అనుకున్న కక్ష్యకు పోలే. సెంచరీకి చప్పట్లు కొట్టినోళ్లల ఎంతమందికి ఈ రెండో వార్త అందింది?

అలవాటు పడితే ఏమైతదో అమెరికా ఎప్పుడో చూసింది. 1969 జులైల చంద్రుని మీద అడుగుపెడితే లోకమంత టీవీల ముందే ఉంది. తొమ్మిది నెలలకు అపోలో-13 వ్యోమగాములు అంతరిక్షం నుంచి ప్రోగ్రాం చేస్తే అక్కడి పెద్ద చానళ్లు లైవ్ వేయలే. ఆ ప్రోగ్రాం అయిపోయిన కొద్ది నిమిషాలకే ఆక్సిజన్ ట్యాంకు పేలింది. అప్పుడు మళ్ల అందరు టీవీలు పెట్టిండ్రు. 1986ల చాలెంజర్ పేలేనాటికి షటిల్ తిరుగుడు 25వ సారి. పెద్ద చానళ్లు అప్పుడు గూడ లైవ్ ఇయ్యలే. అందుల ఒక పంతులమ్మ ఉన్నదని బడిపిల్లలు మాత్రం చూసిండ్రు, 73 సెకన్లకు వాళ్ల కండ్ల ముందే అయిపోయింది. చలికి రబ్బరు రింగులు పనిచేయయని ఇంజనీర్లు ముందురోజు రాత్రే మొత్తుకున్నరు. పైనున్నోళ్లు ఇనలే. చూసేటోళ్లకే కాదు, ఎగిరేసేటోళ్లకు గూడ అలవాటైపోయింది.

అందుకే నాకు చూసుడు బంద్ అయితదన్న రంది లేదు. పల్లెవెలుగు బస్సు వస్తే ఎవరన్న చప్పట్లు కొడుతరా? కొట్టరు. కానీ రెండు రోజులు రాకపోతే డిపో కాడికి పోయి కూసుంటం. కరెంటు గూడ అంతే. బల్బు వెలిగితే చూడం, పోతే లైన్‌మన్‌కు ఫోన్ కొడుతం. రాకెట్ కాడ మాత్రం మనం చూసుడు మానేసినం, అడుగుడు ఇంకా మొదలే పెట్టలే.

2026 జనవరి 12న పీఎస్ఎల్‌వీ-సీ62 లేసింది. మళ్ల మూడో దశలనే గతి తప్పింది. చిన్నాపెద్దా 16 ఉపగ్రహాలుండె, అందుల హైదరాబాద్ స్టార్టప్‌లు చేసినయి గూడ ఉండె. మే నుంచి జనవరి దాక ఎనిమిది నెలల టైం. ఆ ఎనిమిది నెలలల "మొదటిసారి ఏమైంది, రిపోర్టు మా ముందు పెట్టుండ్రి" అని గట్టిగ అడిగినోళ్లు ఎంతమంది? మన ఎంపీల నోట ఎన్నిసార్లు వచ్చింది? ఇట్ల అడిగితే సైంటిస్టులను అనుమానిస్తున్నవా అంటరు. కాదు. పీఎస్ఎల్‌వీ 60 సార్లకు పైగా ఎగిరింది, తప్పింది చాన తక్కువ. 1979ల మన మొదటి ఎస్ఎల్‌వీ-3 బంగాళాఖాతంల పడితే ఇస్రో చైర్మన్ సతీష్ ధావన్ స్వయంగ పత్రికలోళ్ల ముందు కూసోని బాధ్యత తన మీద ఏసుకున్నడు. అదే ధావన్ పేరు ఇయ్యాల శ్రీహరికోట కేంద్రానికి ఉంది.

ఎప్పటికీ తమాషా కాని వాళ్లు గూడ ఉన్నరు. ఆ దీవి మీద బతికిన యానాది కుటుంబాలను కేంద్రం కోసం లేపి పంపిండ్రు. ప్రయోగమున్న రోజు ఆ సముద్రంలకు వేటకు పోవద్దని చుట్టుపక్కల జాలర్లకు చెప్తరు. ఇప్పుడు మూడో లాంచ్ ప్యాడ్‌కు కేంద్రం సుమారు 4 వేల కోట్లు మంజూరు చేసింది. ప్రైవేటు రాకెట్లు గూడ వస్తున్నయి. ఏడాదికి ఐదంటే ఓర్చుకుంటరు. ముప్పై అయితే? వేట ఆగిన దినాలకు కూలి ఎవరిస్తరు? రాకెట్ రోజు పని అయితే వాళ్ల పస్తు గూడ రోజు పనే అయితది. ఈ లెక్క ఇప్పుడే అడగాలె, ప్యాడ్ కట్టినంక కాదు.

మొన్న సంక్రాంతికి ఊరికొచ్చిన పిలగాడొకడు హోటల్ కాడ కలిసిండు. ఐటీఐ చేసి బాలానగర్‌ల లేత్ మిషన్ మీద పనిచేస్తడు. రాకెట్ ఇంజన్ భాగాలు ఆ ఏరియాలనే తయారైతయి కాబట్టి వానికి ఆ ముచ్చట్లు కొంత ఎరుకే. "అన్నా, మూడో దశ మళ్ల అదే ఎందుకు పోయింది? మా కాడ ఒక పీసు చెడితే రెండో పీసు పెట్టకముందే సూపర్‌వైజర్ మిషన్ ఆపి చూస్తడు" అన్నడు. నా కాడ జవాబు లేదు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే ఇస్తరా అని అడిగిండు. రక్షణ సంగతులని కొంత దాపెడుతరు, కానీ ఇస్రో ఆ చట్టం కిందికే వస్తది అని చెప్పిన. మల్లనాడు పోస్టాఫీసుల 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ తీసుకొని ఇంటికొచ్చిండు. సీ61 కమిటీ ఏం తేల్చింది, సీ62 ఎగరకముందు ఏం మార్చిండ్రు, వేట ఆగిన దినాలకు జాలర్లకు ఏమన్న ఇస్తున్నరా అని మూడు ప్రశ్నలు రాసినం. వాని పేరు మీదనే పంపినం.