కట్టేది కంపెనీ, కడదాకా నడిపేది ఎవరు?

నవంబరు 19 ప్రపంచ మరుగుదొడ్ల దినం. ఐక్యరాజ్యసమితి 2013లో దీన్ని గుర్తించింది. ఏటా ఈ రోజుల్లో ఒకటే మాట వింటుంటాం. ప్రభుత్వాల దగ్గర డబ్బు లేదట, కంపెనీలు చెయ్యి కలిపితేనే అందరికీ మంచినీరు, మరుగుదొడ్డి, వైద్యం అందుతాయట. 2030 నాటికి సాధించాలని 2015లో ప్రపంచ దేశాలు పెట్టుకున్న 17 లక్ష్యాల్లో ఆరవది నీరు, పారిశుధ్యం. పదిహేడవది భాగస్వామ్యం. కంపెనీలు తమ ప్రకటనల్లో ఎక్కువగా చెప్పుకునేది ఈ పదిహేడవ దాని గురించే.

మరుగుదొడ్లతో రైతు సంఘానికేం పని అని కొందరు అడుగుతారు. పని ఉంది. రైతు కుటుంబం అప్పుల లెక్క తీస్తే విత్తనం, ఎరువు, కౌలు పక్కనే ఆసుపత్రి బిల్లు ఉంటుంది. మనం తాగే నీళ్లూ పొలానికి పారే నీళ్లూ చాలా ఊళ్లలో ఒకే భూగర్భం నుంచి వస్తున్నాయి. మిరప కోతకు, పత్తి తీతకు పొద్దున్నే వెళ్లిన ఆడకూలీ పొద్దుగూకేదాకా చాటు దొరక్క, నీళ్లు కూడా సరిగా తాగకుండా పనిచేస్తోంది. ఇది మన సమస్యే.

కంపెనీల సొమ్ము వద్దని మేం అనడం లేదు. ఎద్దును కొనడం ఒక ఎత్తు, ఏడాది పొడవునా మేపడం ఇంకో ఎత్తు అని రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కంపెనీల భాగస్వామ్యం మొదటి దానికి ముందుకొస్తోంది. రెండోదాని దగ్గర ఎవరూ కనబడడం లేదు. మా పేచీ అక్కడే.

దానం కాదు, చట్టం

ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ తన గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. దీన్నే సీఎస్సార్ అంటున్నారు. వైద్యం, మంచినీరు, పారిశుధ్యం ఆ పనుల జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఊళ్లో పాలరాతి ఫలకం వేయించిన కంపెనీ ముందు మనం చేతులు కట్టుకుని నిలబడనక్కర్లేదు. లెక్క అడిగే హక్కు మనకుంది.

అదే చట్టం కంపెనీ పనిచేసే చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వమంటుంది. ఫ్యాక్టరీ ఉన్న ఊరికి ఇది మంచిదే. మరి ఏ ఫ్యాక్టరీ లేని మెట్ట ఊళ్ల సంగతేమిటి? సీఎస్సార్ సొమ్ము ప్రభుత్వ ఖర్చుకు తోడుగా ఉండొచ్చు. దాని స్థానంలోకి మాత్రం రాలేదు.

గోడలున్నాయి, నీళ్లు లేవు

2014 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని, ఏడాదిలోగా ప్రతి బడిలో మరుగుదొడ్లు ఉండాలని, ఆడపిల్లలకు వేరుగా ఉండాలని, ఇందుకు కంపెనీలు కూడా ముందుకు రావాలని పిలుపునిచ్చారు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు 53 కలిసి 1,40,997 మరుగుదొడ్లు కట్టామని ప్రకటించాయి. 2,160 కోట్ల రూపాయలకు పైగా ఖర్చయింది.

తర్వాత ఏమైందో కాగ్ వెళ్లి చూసింది. ఆ నివేదిక 2020లో పార్లమెంటు ముందుకొచ్చింది. 15 రాష్ట్రాల్లో 2,695 మరుగుదొడ్లను తనిఖీకి తీసుకుంటే, కట్టేశామని చెప్పిన వాటిలో 200 అసలు ఆ బడుల్లో లేనేలేవు. 86 సగంలో ఆగాయి. కట్టి ఉన్న 2,326లో 72 శాతానికి లోపల నీళ్లు లేవు. 55 శాతానికి చేతులు కడుక్కునే ఏర్పాటు లేదు. మూడు నుంచి ఐదేళ్లు నిర్వహణ కూడా కట్టిన సంస్థే చూడాలన్న నిబంధన ఉన్నా పరిస్థితి ఇది. నీళ్లు లేని మరుగుదొడ్డికి కొన్నాళ్లకు తాళం పడుతుంది. పెద్ద తరగతుల ఆడపిల్లలు బడి మానుకోవడానికి ఇదీ ఒక కారణమని టీచర్లందరికీ తెలుసు.

ఇవి ప్రైవేటు కంపెనీలు కావు, ప్రభుత్వ రంగ సంస్థలే. కాబట్టి ప్రైవేటా, ప్రభుత్వమా అన్న ఒక్క ప్రశ్నతో ఇది తేలదు. ప్రారంభోత్సవం తర్వాత ఎవరు ఉంటారన్నదే ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో అమ్మఒడి సొమ్ములో తల్లుల దగ్గర 1,000 రూపాయలు మినహాయించి బడి మరుగుదొడ్ల నిర్వహణ నిధి పెట్టారు. తల్లుల నుంచి తీసుకోవడం న్యాయమా అనేది వేరే చర్చ. కానీ రోజూ కడిగే మనిషికి జీతం, ఫినాయిల్, చీపురు, మోటారు రిపేరు, వీటికి నెలనెలా డబ్బు కావాలన్న నిజం దాంతో బయటపడింది.

రెండు రూపాయల నీళ్లు

నీళ్ల దగ్గరకొద్దాం. మన దేశంలో ఫ్లోరైడ్ జబ్బును మొదట గుర్తించింది మన నేల మీదే. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో. తర్వాత నల్గొండ పేరు ప్రపంచమంతా వినబడింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. పళ్లు గారపట్టి, ఎముకలు వంగి, నలభై ఏళ్లకే నడుం లేవని రైతులను మనం చూశాం.

2014 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ సుజల స్రవంతి మొదలైంది. రెండు రూపాయలకు 20 లీటర్ల శుద్ధజలం. కంపెనీలు, దాతలు యంత్రాలు పెట్టాలి. ఆలోచన చెడ్డది కాదు. ఉప్పునీళ్ల ఊళ్లలో జనం సంతోషించారు. తర్వాత మేం తిరిగిన చాలా ఊళ్లలో కథ ఒక్కటే. ఆర్వో యంత్రంలో పొరలు రెండు మూడేళ్లకు మార్చాలి. కరెంటు బిల్లు కట్టాలి. ఆపరేటరుకు జీతమివ్వాలి. రెండు రూపాయలకు అవేవీ గిట్టవు. పెట్టిన కంపెనీ ఫోనెత్తదు, పంచాయతీ మాది కాదంటుంది. షెడ్డు మిగులుతుంది. పక్క వీధిలో ప్రైవేటు ప్లాంటు తెరుచుకుంటుంది. అక్కడి నీళ్లు పరీక్ష చేసినవాడు ఉండడు. నీళ్లు కొనే అలవాటు మాత్రం మనకు మిగిలింది.

ఇంకొకటి. ఆర్వోలో శుద్ధి అయిన నీళ్లెన్నో, వృథాగా బయటకు పోయేవి ఇంచుమించు అన్ని. కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. తీసేసిన ఉప్పు, ఫ్లోరైడ్ అంతా ఆ నీళ్లలో చిక్కబడి ఉంటుంది. దాన్ని మురుగుకాలవలోకో, పాడుబడ్డ బోరులోకో వదిలితే తిరిగి చేరేది మన భూమిలోకే.

ఫ్లోరైడ్‌కు నిజమైన మందు నదినీరు. తెలంగాణలో మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్‌లో ఫ్లోరైడ్ ప్రాంతమైన చౌటుప్పల్‌లోనే పెట్టారు. కృష్ణా, గోదావరి నీళ్లు గొట్టాల్లో ఊళ్లకొచ్చాయి. అంత పని ఏ ఒక్క కంపెనీ దానంతోనూ అయ్యేది కాదు, ప్రభుత్వమే అప్పు తెచ్చి చేసింది. అయినా నల్లా ఉన్న ఇంట్లో కూడా క్యాను కొంటున్నారంటే నల్లా నీళ్ల మీద నమ్మకం కుదరలేదన్నమాట. పరీక్ష ఫలితం ఊళ్లో బోర్డు మీద కనబడితే గానీ ఆ నమ్మకం రాదు.

108 ఎందుకు నిలబడింది?

భాగస్వామ్యం నిలబడ్డ ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. సత్యం కంపెనీ యజమాని చొరవతో పుట్టింది. 2009 జనవరిలో సత్యం మోసం బయటపడింది. 108 కూడా పోతుందని అందరం భయపడ్డాం. పోలేదు. నిర్వహణను జీవీకే సంస్థ తీసుకుంది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో నిర్వాహకులు మళ్లీ మారారు. నంబరు మాత్రం మారలేదు.

కారణం ఉంది. డీజిలుకు, జీతాలకు అయ్యే ఖర్చులో చాలా వరకు ప్రభుత్వ బడ్జెట్టు నుంచే వచ్చేది. నడిపే పద్ధతి, సాంకేతికత కంపెనీవి. సొమ్మూ బాధ్యతా ప్రజలవి. అందుకే యజమాని పడిపోయినా బండి ఆగలేదు. అయితే అందులో పనిచేసే డ్రైవర్లు, సిబ్బంది జీతాల కోసం, పనిగంటల కోసం ఎన్నిసార్లు సమ్మెకు దిగాల్సొచ్చిందో కూడా మనకు గుర్తుండాలి. లాభం మిగలాలంటే మొదట కత్తెర పడేది కూలీ మీదే.

కొచబాంబా రైతులు

నీళ్ల బాధ్యత మొత్తంగా కంపెనీ చేతికిస్తే ఏమవుతుందో బొలీవియా దేశం చూసింది. అక్కడి కొచబాంబా నగర నీటి సరఫరాను 1999లో ఒక విదేశీ కంపెనీల కూటమికి 40 ఏళ్లకు రాసిచ్చారు. పోటీకి ఇంకెవరూ రాలేదు, వచ్చింది ఆ ఒక్క కూటమే. వెంటనే తెచ్చిన నీటి చట్టంతో ఊళ్లవాళ్లు సొంతంగా తవ్వుకున్న బావులు, కాలవల మీద హక్కు కూడా పోతుందని తేలింది. 2000 జనవరిలో బిల్లులు ఒక్కసారిగా పెరిగాయి, కొందరికి రెట్టింపయ్యాయి. పట్నం కార్మికులతో పాటు వీధుల్లోకొచ్చి ముందు నిలిచింది చుట్టుపక్కల సాగునీటి రైతుల సంఘాలు. ఏప్రిల్‌లో పదిహేడేళ్ల కుర్రాడు తూటాకు బలయ్యాడు. ఆ నెలలోనే ఒప్పందం రద్దయింది. కంపెనీ నష్టపరిహారం కోసం అంతర్జాతీయ కేసు వేసింది. చివరికి 2006లో పేరుకు రెండు బొలీవియానోలు తీసుకుని వదులుకుంది.

ఆ బొలీవియానే 2010 జులై 28న ఐక్యరాజ్యసమితిలో తీర్మానం పెట్టి, నీరు, పారిశుధ్యం మానవ హక్కు అని ఒప్పించింది. 122 దేశాలు అనుకూలంగా ఓటేశాయి. మన దేశం వాటిలో ఉంది.

ఇక్కడ ఇంకో సగం కూడా చెప్పాలి. కంపెనీ వెళ్లిపోయాక కూడా కొచబాంబా దక్షిణాన పేదల బస్తీలకు గొట్టాలు చాలా ఏళ్లు రాలేదు. కంపెనీని వెళ్లగొట్టడంతో పని అయిపోదు. పంచాయతీని, మునిసిపాలిటీని పనిచేయించడం అంతకంటే పెద్ద పోరాటం.

మనం అడగాల్సినవి

వచ్చే గ్రామసభలో సంఘం సభ్యులు ఈ విషయాలు లేవనెత్తాలి.

1. ఊళ్లో కంపెనీ ఏది కట్టినా పదేళ్ల నిర్వహణ ఖర్చు ఎవరిదో ముందే కాగితం మీద రాయాలి. అది లేకుండా శంకుస్థాపన వద్దు.

2. 2021 సీఎస్సార్ నిబంధనల ప్రకారం ఈ సొమ్ముతో ఏర్పడ్డ ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదు. పంచాయతీ లాంటి ప్రజాసంస్థ పేరున గానీ, లబ్ధిదారుల సంఘం పేరున గానీ ఉండొచ్చు. మన ఊళ్లో ప్లాంటు ఎవరి పేరున ఉందో అడగండి.

3. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పి కిట్లు ఇవ్వాలి. మన ఊళ్లో ఆ ఐదుగురు ఎవరు? ఫలితాలు ఎక్కడ రాస్తున్నారు? ప్రైవేటు ప్లాంట్ల నీళ్లకూ ఆ పరీక్ష జరగాలి.

4. ఆర్వో ప్లాంటు వదిలే నీళ్లు ఎటు పోతున్నాయో చూడాలి. బోరుల్లోకి వదలనివ్వకూడదు.

5. మార్కెట్ యార్డులో మన పంట మీద సెస్సు వసూలవుతోంది. రాత్రంతా ధాన్యం కుప్ప కాసే రైతుకు, హమాలీకి, ఊడ్చే ఆడకూలీకి అక్కడ నీళ్లున్న మరుగుదొడ్డి ఉండాలి. దీనికి ఏ కంపెనీ కోసమూ ఎదురుచూడనక్కర్లేదు, సెస్సు సొమ్ము మనదే.

6. పంచాయతీ పారిశుధ్య కార్మికుల జీతాలు ఏ నెలకానెల ఇవ్వాలి. మురుగు తీసేవాళ్లకు నెలల తరబడి బకాయి పెట్టి స్వచ్ఛత బ్యానర్లు కట్టడం సిగ్గుచేటు.

కంపెనీ ఇస్తానంటే తీసుకుందాం, షరతు మాత్రం మనదై ఉండాలి. ఈ ఆరింటికి మీ పంచాయతీలో వచ్చిన జవాబులు రాసి మండల కమిటీకి పంపండి. వాటిని కలిపి జిల్లా కలెక్టరుకు వినతిపత్రం ఇద్దాం.