జట్టు ఊరిదైతే ఊరు దాటి పోదు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో గ్రీన్ బే అనే ఊరుంది. జనాభా లక్ష పైచిలుకు. 2011 జనాభా లెక్కల నాటికే లక్షన్నర దాటిన మన చిత్తూరు కన్నా చిన్నది. తిరుపతి ముందు పెడితే ఒక మూలకు సరిపోతుంది. ఆ ఊరికి అమెరికన్ ఫుట్‌బాల్‌లో అగ్రశ్రేణి లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సొంత జట్టుంది. పేరు ప్యాకర్స్. న్యూయార్క్, షికాగో జట్లతో ఢీ అంటే ఢీ అని ఆడి, 13 సార్లు విజేతగా నిలిచింది. మరే జట్టూ ఇన్నిసార్లు గెలవలేదు. దాని లాంబో ఫీల్డ్ స్టేడియంలో దాదాపు 81 వేల మంది పడతారు. అంటే ఊళ్ళో ప్రతి నలుగురిలో ముగ్గురికి సీటున్నట్టే.

మనవైపు ఆటల మాటెత్తితే చాలు, ‘చిన్న ఊళ్ళు, మనవల్ల ఏమవుతుంది’ అనేస్తారు. ఆ మాటకు గ్రీన్ బే మంచి జవాబు.

1919లో కర్లీ లాంబో అనే కుర్రాడు, జార్జ్ కాల్హూన్ అనే పత్రికా విలేకరి కలిసి ఈ జట్టు కట్టారు. లాంబో మాంసం డబ్బాల్లో నింపే ఒక కంపెనీలో ఉద్యోగి. చొక్కాలకు డబ్బు కావాలని యజమానిని అడిగితే 500 డాలర్లు ఇచ్చాడు. ప్యాకర్స్ అన్న పేరు ఆ ప్యాకింగ్ కంపెనీ నుంచే వచ్చింది. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది, జట్టు మాత్రం నిలిచింది. నిలవడం సులభంగా జరగలేదు. వానలకు జనం రాక, అప్పులు మీద పడ్డాయి. 1923లో ఆండ్రూ టర్న్‌బుల్ అనే పత్రిక మేనేజరు, మరికొందరు ఊరి పెద్దలు పూనుకుని జట్టును లాభాపేక్ష లేని సంస్థగా మార్చి, వాటా 5 డాలర్ల చొప్పున ఊరివాళ్ళకే అమ్మారు. ఆ తర్వాత డబ్బు అవసరమైనప్పుడల్లా, 1935, 1950, 1997, 2011, 2021 సంవత్సరాల్లో, మళ్ళీ జనం దగ్గరికే వెళ్ళారు. ఇవాళ వాటాదారులు 5 లక్షలకు పైనే.

ఆ వాటా మీద ఒక్క పైసా డివిడెండు రాదు. మార్కెట్లో అమ్ముకోవడానికి లేదు. ఒకే మనిషి పెత్తనం చేసేన్ని వాటాలు పోగేసుకోవడానికీ లేదు. అసలు కీలకం మరొకటుంది. ఎప్పుడైనా జట్టును అమ్మేస్తే వచ్చే సొమ్ము వాటాదారులకు దక్కదు. మొదట్లో అది ఊళ్ళోని మాజీ సైనికుల సంఘానికి పోవాలని రాసుకున్నారు, ఇప్పుడు సేవాసంస్థకు పోవాలని ఉంది. అమ్మితే ఎవరికీ లాభం లేదు కాబట్టి అమ్మాలన్న ఆశ ఎవరికీ పుట్టదు.

ఈ తాళం విలువ తెలియాలంటే అదే రాష్ట్రంలో, 200 కిలోమీటర్లు కూడా లేని దూరంలో ఉన్న మిల్వాకీ కథ వినాలి. 1953లో బోస్టన్ నుంచి బ్రేవ్స్ అనే బేస్‌బాల్ జట్టు అక్కడికి వచ్చింది. ఊరు దాన్ని నెత్తిన పెట్టుకుంది. కొన్నేళ్ళపాటు సీజనుకు 20 లక్షల మందికి పైగా వచ్చి చూశారు. 1957లో జట్టు ప్రపంచ సిరీస్ గెలిచింది. అయినా 1965 సీజన్ ముగియగానే కొత్త యజమానులు టీవీ ఆదాయం చూసుకుని దాన్ని అట్లాంటాకు తీసుకుపోయారు. రాష్ట్రం కోర్టుకెక్కినా ఫలితం లేకపోయింది. అభిమానంలో మిల్వాకీ గ్రీన్ బేకు ఏమాత్రం తీసిపోదు. తేడా అంతా హక్కు పత్రంలో ఉంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. అభిమానానికి మనకూ లోటు లేదు. ఐపీఎల్ వస్తే పుత్తూరు, నగరి, చిత్తూరు టీ కొట్ల దగ్గర సగం మంది పసుపు చొక్కాల్లో చెన్నై తరఫున, మిగతావాళ్ళు హైదరాబాద్ తరఫున గొంతు చించుకుంటారు. 2022 జనవరిలో తిరుపతి ఇందిరా మైదానంలో జాతీయ స్థాయి కబడ్డీ పోటీలు పెట్టారు. కనుమనాడు చంద్రగిరి మండలం రంగంపేటకు వెళ్ళి చూడండి. పశువుల పండగకు కొమ్ములకు చెక్క పలకలు కట్టి ఎద్దుల్ని వీధిలోకి వదులుతారు. పలకల మీద దేవుళ్ళు, నాయకులు, సినిమా నటుల బొమ్మలుంటాయి. మిద్దెల మీద ఇసుకేస్తే రాలనంత జనం. దూసుకొచ్చే ఎద్దుకు అడ్డంపడి కుర్రాళ్ళు పలకను ఊడలాక్కుంటారు. దెబ్బలు తగులుతాయి, అది ఆలోచించాల్సిన విషయమే. కానీ టికెట్టు లేకుండా అంత జనాన్ని కూడగట్టే శక్తి మన పల్లెలకు ఉందని అక్కడ కళ్ళారా కనిపిస్తుంది.

ప్రతిభకూ కొదవ లేదు. టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత మహిళల హాకీ జట్టుతో వెళ్ళిన గోల్‌కీపర్ రజని ఇటిమార్పు ఎర్రావారిపాలెం మండలం బిడ్డ. ఆమెను చూసి కర్ర పట్టాలనుకునే పిల్లకు కావాల్సింది ఏటా ఆడే ఒక సొంత జట్టు. మనకు లేనిది అదే. పోటీలు పెడతాం, షామియానా వేస్తాం, కప్పు ఇస్తాం, మర్నాడు మైదానం ఖాళీ. 2023 డిసెంబరులో మొదలైన ‘ఆడుదాం ఆంధ్రా’ ఊరూరా కుర్రాళ్ళను మైదానానికి తెచ్చింది, 2024 ఫిబ్రవరిలో విశాఖ ఫైనల్స్‌తో ముగిసింది. రాయలసీమ కింగ్స్ పేరుతో క్రికెట్ జట్టు వచ్చింది, దాని ఆటలు ఎక్కువగా విశాఖలోనే జరిగాయి. పేరు మనది, మైదానం మనది కాదు.

గ్రీన్ బేలో మరో ముచ్చట ఉంది. వేసవి శిక్షణ రోజుల్లో పిల్లలు సైకిళ్ళతో స్టేడియం బయట వరుస కడతారు. ఆటగాడు ఒక సైకిల్ ఎంచుకుని, మోకాళ్ళు హ్యాండిల్‌కు తగులుతుంటే తొక్కుకుంటూ ఎదురుగా ఉన్న ప్రాక్టీసు మైదానానికి వెళతాడు. అతని హెల్మెట్ పట్టుకుని ఆ పిల్లాడు పక్కనే పరుగెత్తుతాడు. ఆరు దశాబ్దాలుగా సాగుతున్న ఆచారం ఇది. ఆటగాడు చేతికందే దూరంలో ఉన్న ఊళ్ళో పిల్లలు ఆటను వేరే దృష్టితో చూస్తారు.

గ్రీన్ బేను జనం మాత్రమే నిలబెట్టలేదని కూడా చెప్పుకోవాలి. 1960ల తొలినాళ్ళ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ జాతీయ టీవీ ఆదాయాన్ని జట్లన్నిటికీ సమానంగా పంచుతోంది. ఆ పంపకం లేకపోతే పెద్ద నగరాల ముందు ఆ చిన్న ఊరు నిలిచేది కాదు. కాబట్టి మన లీగ్ ఏదైనా వచ్చే సొమ్మును తిరుపతికి ఎక్కువ, కుప్పానికి తక్కువ అనకుండా పంచాలి.

మొదలుపెట్టడానికి క్రికెట్ అక్కర్లేదు. కబడ్డీ, వాలీబాల్ చాలు. ఖర్చు తక్కువ, ఆడేవాళ్ళు ప్రతి పల్లెలోనూ ఉన్నారు. తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, పుత్తూరు, పలమనేరు, కుప్పం ఒక్కో మగపిల్లల జట్టు, ఒక్కో ఆడపిల్లల జట్టు పెట్టుకుని, ఏటా అవే నెలల్లో, ఒకరి ఊళ్ళో ఒకరు ఆడాలి. జట్టును 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేసి, 100 రూపాయల సభ్యత్వం పెట్టాలి. సభ్యుడికి ఒకే ఓటు. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, రేణిగుంట దారిలోని పరిశ్రమలు చొక్కాలు కుట్టించవచ్చు, వాళ్ళ పేరు వీపు మీద ఉంటుంది. ఛాతీ మీద ఊరి పేరే ఉండాలి. పెత్తనం సభ్యులదే కావాలి.

ఈ నిబంధనలు ముందే రాసుకోవాలి. 1923లో ప్యాకర్స్ చేతిలో అప్పులు తప్ప ఏమీ లేవు, అందుకే ఊరికి రాసిస్తామంటే ఎవరూ అడ్డుపడలేదు. ఇవాళ దాని విలువ వందల కోట్ల డాలర్లు. అలాంటి ఊరుమ్మడి యాజమాన్యానికి ఎన్‌ఎఫ్‌ఎల్ ఇప్పుడు మరే జట్టునూ అనుమతించదు, పాతదని ప్యాకర్స్‌ను మాత్రం వదిలేసింది. చిత్తూరు కబడ్డీ జట్టును కొనడానికి నేడు ఎవరూ రారు. ఊరి పేరున రాసుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం మళ్ళీ దొరకదు. డబ్బు వచ్చాక రాద్దామనుకుంటే రాయనివ్వరు.